వాన లెక్క, జ్వరం లెక్క



పోయిన సంచికలో పచ్చళ్ళలో ఉప్పు గురించి, రక్తపోటు గురించి రాశాను. దానికి షోలాపూర్ నుంచి ఒకరు, పుణె నుంచి ఇద్దరు ఉత్తరాలు రాశారు. మూడింటి సారాంశం ఒక్కటే: ఆవకాయ మానేయమంటే ఎలా మానేస్తామండీ, అని. దానికి జవాబు తీరిగ్గా ఇస్తాను. ఇది వానాకాలం సంచిక కాబట్టి జ్వరాల మీద రాయమని సంపాదకులు కోరారు. జ్వరం వస్తే ఏ మాత్ర వేసుకోవాలో చెప్పడం డాక్టర్ల పని. మందులమ్మే నాకు ఆ పని తగదు. అందుకని ఈసారి ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాను. జ్వరాలు ఊళ్ళోకి రాకముందే వాటి రాకను తెలుసుకోవచ్చునా అన్నది.

నాయ్‌గావ్‌లో మా మందుల షాపు నాన్నగారు పెట్టినది. ఆ షాపు సొరుగులో ఆయన రెండు పుస్తకాలు ఉంచేవారు. ఒకటి బిల్లు పుస్తకం. రెండోది చిన్న డైరీ. అందులో కార్తెల వారీగా వాన సంగతి రాసుకునేవారు. "మృగశిర బాగా పడింది, ఆరుద్ర ముఖం చాటేసింది, పుబ్బలో రెండు రోజులు ముసురు" అన్నట్టుగా ఉండేవి ఆ రాతలు. మందుల షాపువారికి వానతో పనేమిటని మీరనుకోవచ్చు. మా దగ్గర సగం మంది రైతులు ఉద్దెర ఖాతాదారులు. సోయాబీన్, పత్తి చేతికొస్తేనే బాకీ చేతికొస్తుంది. వాన లెక్క ఆయనకు వసూళ్ళ లెక్క అన్నమాట. ఆ రెండు పుస్తకాలు ఇన్నేళ్ళు ఒకే సొరుగులో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని పక్కన మరొకటి తెరిచి చూడాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

2023 ఆగస్టు మీకు గుర్తుండే ఉంటుంది. 1901 నుంచి లెక్కలు ఉన్నంతలో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు మరొకటి లేదని వాతావరణ శాఖ ప్రకటించింది. అది ఎల్‌నినో ఏడు. మా వైపు సోయాబీన్ పూత మీద ఉండగా వాన మొహం తిప్పుకుంది. నల్లా వచ్చే రోజుకూ రోజుకూ మధ్య ఎడం పెరిగింది. ఇంటింటా ప్లాస్టిక్ డ్రమ్ములు వెలిశాయి. మా ఇంటి వెనకా ఒకటి పెట్టాం.

ఆగస్టు చివరి వారంలో పిల్లల జ్వరం సిరప్ అమ్మకం పెరగడం గమనించాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు గమనించక ఎలా ఉంటాడు? నాందేడ్‌లోని హోల్‌సేల్ వారికి ఫోన్ చేసి రెండు పెట్టెలు ఎక్కువ పంపించమన్నాను. నేను చేసింది అంతే. ఆశా తాయికి చెప్పలేదు, ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి చెప్పలేదు, చివరికి మా ఇంట్లోనూ చెప్పలేదు. చెప్పాలన్న ఊహే రాలేదు.

సెప్టెంబరు రెండో వారంలో మా వదిన మంచం పట్టింది. "తమ్మీ, కండ్ల ఎనక ఒక్కతీరు నొస్తుంది, బొక్కలు ఇరిగినట్టు అయితుంది" అన్నది. మాత్ర ఇచ్చాను. నాలుగో రోజున జ్వరం దిగిందని సంతోషించాం. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. డెంగ్యూలో జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులే ఎక్కువ ప్రమాదమని నాకు తెలియని విషయం కాదు. తెలిసి ఉండీ సంతోషించాను, అదీ సంగతి. నాందేడ్ తీసుకుపోయాం. ప్లేట్‌లెట్లు ముప్పై వేలకు పడిపోయాయి. ఆరు రోజులు అక్కడే ఉంది. అన్నయ్య వరండాలోనే పడుకున్నాడు.

ఆమె దవాఖానాలో ఉండగానే ఆశా తాయి సర్వేకు మా ఇంటికి వచ్చింది. వంటింటి వెనక డ్రమ్ము మూత తీసి, టార్చి వేసి చూసింది. నీళ్ళలో తోకపురుగులు గిలగిలా ఈదుతున్నాయి. "భావూ, మీది మందుల దుకాణం కదా" అని ఊరుకుంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ తర్వాత నేను కాస్త లెక్క వేశాను. డెంగ్యూ దోమ పాత్రలో నీటి అంచు మీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉండి, తడి తగలగానే పిల్ల అవుతుంది. పిల్ల దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు. ఆ దోమ జ్వరం మనిషిని కుట్టాక, వైరస్ దాని పొట్టలోంచి నోటిదాకా చేరడానికి మరో ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. వాతావరణం వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా చేరుతుంది. అది ఇంకొకరిని కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు ఆ మనిషికి జ్వరం. అన్నీ కూడితే దగ్గరదగ్గర ఒక నెల. అంటే మా షాపులో సిరప్ సీసా అమ్ముడుపోయేనాటికి అసలు కథ మొదలై నెల గడిచిపోయింది. బిల్లు పుస్తకాన్ని నేను ముందస్తు హెచ్చరిక అనుకున్నాను. నిజానికి అది గడిచిపోయిన దానికి రసీదు. ముందుగా చెప్పగలిగినవి ఏవైనా ఉంటే అవి ఎండా, వానా, గాలిలో చెమ్మా, ఇంటి ముందరి డ్రమ్మూ. జ్వరాల లెక్క వాటి వెనక వచ్చి, అవును నిజమేనని సాక్ష్యం చెబుతుంది. రెండూ పక్కపక్కన ఉంటేనే పని జరుగుతుంది.

ఇదేదో కంప్యూటర్ల కాలంలో పుట్టిన ఆలోచన అనుకునేరు. మన దేశంలోనే వందేళ్ళ కిందట చేసి చూపించారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. మా నాందేడ్ కూడా అప్పుడు హైదరాబాద్ సంస్థానంలోదే కాబట్టి, అది మా ఇంటి సంగతి అన్నట్టే చెప్పుకుంటాం. ఆ తర్వాత పదకొండేళ్ళకు, 1908లో, పంజాబులో భారీ వర్షాల వెంట మలేరియా విరుచుకుపడింది. శరదృతువులో మూడు నెలల్లో మూడు లక్షలమందికి పైగా పోయారు. సిబ్బంది అంతా మంచాన పడటంతో లాహోరులో రైళ్ళు నడపడమే కష్టమైంది. క్రిస్టఫర్స్ అనే వైద్యాధికారి ఊరూరి మరణాల లెక్కలు, వాన లెక్కలు పక్కపక్కన పెట్టి 1911లో నివేదిక రాశాడు. వాన ఒక్కటే కారణం కాదు, అంతకుముందు రెండేళ్ళు ధాన్యం ధరలు మండిపోయి జనం అర్ధాకలితో ఉండటం కూడా కారణమే అని తేల్చాడు.

అక్కడినుంచి గిల్ అనే మరో అధికారి ఇంకో అడుగు వేశాడు. జూలై, ఆగస్టు నెలల్లో పడ్డ వాన, బడిపిల్లల్లో ఎంతమందికి ప్లీహం వాచి ఉంది, తిండిగింజల ధర, అంతకుముందు పెద్ద జ్వరం ఎప్పుడు వచ్చింది అనే సంగతులు కలిపి, ఏ జిల్లాలో ప్రమాదముందో జ్వరాలకు ముందే చెప్పడం 1921 నుంచి మొదలైంది. ఆ పద్ధతి పంజాబులో చాలా ఏళ్ళు నడిచింది. ఉపగ్రహం లేదు, కంప్యూటరు లేదు. వానకొలత సీసా, పిల్లల పొట్ట మీద డాక్టరు చెయ్యి, బజారులో గోధుమల ధర, అంతే. నన్ను అడిగితే ఆ లెక్కలో గొప్ప అంశం గోధుమల ధరే. ఆకలితో ఉన్న ఒంటికి జ్వరం వేరు, తిన్న ఒంటికి జ్వరం వేరు అని ఉద్దెర ఖాతా రాసుకునే ఏ షాపువాడైనా చెబుతాడు. నేటి లెక్కల్లో అది కనబడదు.

మన రోజులకు వస్తే, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు, రాక్సీ మాథ్యూ కోల్ తదితరులు, పుణె నగరపు డెంగ్యూ లెక్కలు వాతావరణంతో పోల్చి 2025 జనవరిలో ఒక పరిశోధన ప్రచురించారు. పుణెలో ఉండే మన సభ్యులు ఇది గమనించాలి. వానాకాలంలో వేడి 27 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 60 నుంచి 78 శాతం మధ్య ఉండి, వాన కుండపోతగా కాక అప్పుడింత అప్పుడింతగా పడితే అక్కడ డెంగ్యూ పెరుగుతుంది. వారంలో 150 మిల్లీమీటర్లు దాటి కురిస్తే మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే ఆ నీటికి గుడ్లు, పిల్లలు కొట్టుకుపోతాయి. ఈ లెక్కతో రెండు నెలలకు పైగా ముందే హెచ్చరించవచ్చునని వారు చెప్పారు. అలాంటి పనే మన కర్నూలు జిల్లాలోనూ జరిగింది. మెదడువాపు జ్వరాన్ని మోసే దోమలను లెక్కపెట్టి, వాటి హెచ్చుతగ్గులను వాన, వేడి, తేమలతో పోల్చి చూశారు. పుణె పని సాగడానికి కారణం పుణె ఆరోగ్య శాఖ జ్వరాల లెక్కలు ఇవ్వడం. వాతావరణం లెక్క ఎవరైనా తెచ్చుకోవచ్చు. జ్వరాల లెక్క అడిగితే చాలాచోట్ల బీరువా తాళం కనిపించదు.

అయితే పుణె లెక్కను తెచ్చి నాయ్‌గావ్ మీద పరిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. 2023లో మా ఇంట్లో జ్వరం తెచ్చింది వాన కాదు, వాన లేకపోవడం. నల్లా వారానికి ఒకసారి వస్తే జనం నీళ్ళు నిలవ చేస్తారు. నిలవ చేసిన శుభ్రమైన నీరే ఈ దోమకు ఇష్టం. 2016 కరువులో పక్క జిల్లా లాతూరుకు మిరజ్ నుంచి రైలులో నీళ్ళు తెచ్చారు కదా, అలాంటి ఏడాదిలో వాన లెక్క మాత్రమే చూసేవాడు "ఈసారి దోమల భయం లేదు" అని ధీమాగా రాసేస్తాడు. మరాఠ్వాడాలో హెచ్చరిక చేయాలంటే నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తోందో కూడా లెక్కలోకి రావాలి. ఇది ఊరివాళ్ళకు తెలుసు, ఉపగ్రహానికి తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. లెక్కలు లేక కాదు, ఉన్న లెక్కలు కలవక. 2004 నుంచి దేశమంతటా సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకం నడుస్తున్నది. ఊరి ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి ఒక ఫారం, డాక్టరు తన అంచనాను బట్టి ఒకటి, ప్రయోగశాల తన పరీక్షను బట్టి ఒకటి, వారం వారం పంపేవారు. 2021 నుంచి అదంతా కంప్యూటరులోకి ఎక్కింది. ఇక వాన సంగతి. మహారాష్ట్రలో 2017 నుంచి రెవెన్యూ మండళ్‌కు ఒకటి చొప్పున రెండు వేలకు పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలు పెట్టారు. ముఖ్యంగా పంటల బీమా కోసం. అంటే సోయాబీన్‌కు జబ్బు చేస్తే వాన లెక్క తీస్తారు, మనిషికి జబ్బు చేస్తే తీయరు. పైగా రెవెన్యూ మండళ్ సరిహద్దు ఒకటి, ఆరోగ్య కేంద్రం కింది ఊళ్ళ సరిహద్దు మరొకటి. ఏ వాన ఏ జ్వరానిదో జతచేయడమే ఒక పని. (అన్నట్టు, కొత్తగా మహారాష్ట్రకు వచ్చినవారికి ఒక మాట: ఇక్కడి మండళ్ వేరు, మన తెలుగు రాష్ట్రాల మండలం వేరు. అక్కడి మండలం దాదాపు ఇక్కడి తాలూకా లాంటిది. పేరు ఒకటే కదా అని దరఖాస్తులో రాసి తిప్పలు పడినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.)

ఇంకో లోపం, జ్వరం వచ్చిన మనిషి ముందు ప్రభుత్వ దవాఖానాకు పోడు, మా షాపుకు వస్తాడు. మా అమ్మకాలు ఏ ఫారంలోనూ ఎక్కవు. 2020 ఏప్రిల్‌లో, కరోనా భయంలో, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు జ్వరం, దగ్గు మందులు కొన్నవారి వివరాలు రాసుకోమని షాపులవారిని కోరాయి. కొన్నాళ్ళు రాశాం. జనం పేరు చెప్పడానికి భయపడి వేరే ఊరికి పోయి కొనుక్కున్నారు. పేర్లు అడిగితే అంతే జరుగుతుంది. సీసాల లెక్క చాలు, మనిషి పేరెందుకు అని నాకు అప్పుడే అనిపించింది.

సరిహద్దు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది, మేము ఇటు, మా చుట్టాలు బోధన్, నిజామాబాద్ అటు అయ్యారు. పెళ్ళిళ్ళకు, కూలి పనులకు, పిల్లల చదువులకు రాకపోకలు మాత్రం ఆగలేదు. మనిషి వెంట జ్వరమూ పోతుంది. కానీ మా జ్వరం లెక్క పుణె మీదుగా ఢిల్లీకి పోతుంది, బోధన్ జ్వరం లెక్క హైదరాబాద్ మీదుగా ఢిల్లీకి పోతుంది. ఇక్కడ ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద బాబ్లీ బ్యారేజి ఉంది. దాని మీద రెండు రాష్ట్రాలు చాలా ఏళ్ళు కొట్లాడుకున్నాయి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి. ఏటా జూలై 1న అటు ఇంజనీర్లు, ఇటు ఇంజనీర్లు, కేంద్ర జలసంఘం వారు కలిసి నిలబడి గేట్లు ఎత్తుతారు. నీళ్ళ కోసం అంత చేయగలిగిన రెండు రాష్ట్రాలు, అదే జూలైలో రెండు వైపుల తాలూకా వైద్యాధికారులను ఒక పూట కూర్చోబెట్టి జ్వరాల లెక్క, వాన లెక్క ఎదురుబొదురు పెట్టించలేవా? దీనికి కోర్టు తీర్పు కూడా అక్కరలేదు.

హెచ్చరిక ఉంటే చాలదన్నది కూడా నిజమే. 2006 చివర తూర్పు ఆఫ్రికాలో భారీ వర్షాలు రానున్నాయి, పశువుల నుంచి మనుషులకు అంటే రిఫ్ట్ వ్యాలీ జ్వరం వస్తుందని సముద్రపు వేడినీ, ఉపగ్రహ చిత్రాలనూ చూసి శాస్త్రజ్ఞులు కొన్ని వారాల ముందే చెప్పారు. చెప్పినట్టే వచ్చింది. ఒక్క కెన్యాలోనే నూట యాభై మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక వచ్చేనాటికి టీకాలు, మనుషులు, వాహనాలు సిద్ధంగా లేవు. అహ్మదాబాద్ కథ వేరు. 2010 మే నెల వడగాడ్పులకు ఆ ఊళ్ళో మామూలుకంటే 1,300కు పైగా ఎక్కువ మరణాలు జరిగాయి. 2013లో నగరపాలక సంస్థ ఒక ప్రణాళిక వేసుకుంది. వాతావరణ శాఖ రేపు 45 డిగ్రీలంటే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ దవాఖానాలో ఐసు గడ్డలు పెట్టాలి, తోటలు ఎన్ని గంటలదాకా తెరిచి ఉంచాలి అనేవి ముందే రాసిపెట్టుకున్నారు. మరణాలు తగ్గాయని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. మన తెలుగు రాష్ట్రాలు రెండింటిలో 2015 మే నెలలో వడదెబ్బకు దాదాపు రెండు వేలమంది పోయాక అలాంటి ప్రణాళికలు మొదలయ్యాయి. జ్వరాలకూ అలాంటి కాగితం కావాలి. తేమ ఇంత, వేడి ఇంత, నల్లా ఎడం ఇంత అయితే ఆశా తాయి ఏ వీధి నుంచి మొదలుపెట్టాలి, అబేట్ మందు ఎంత తెప్పించాలి, హౌదుల్లో గప్పీ చేపలు ఎవరు వేయాలి, ప్లేట్‌లెట్ల పరీక్ష తాలూకాలోనే ఎక్కడ జరుగుతుంది అని అందులో రాసి ఉండాలి.

పెద్దల పని పెద్దలది. 2024 మృగశిర నుంచి నేను నాన్నగారి డైరీ లాంటిదే కొత్తది కొన్నాను. ప్రతి శనివారం నాలుగు గడులు నింపుతాను. ఆ వారం పడ్డ వాన, నల్లా వచ్చిన రోజులు, పిల్లల జ్వరం సిరప్ సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు. సోమవారం ఆశా తాయి షాపు ముందునుంచి పోతుంది, చూపిస్తాను. ఇది శాస్త్రం కాదని నాకు తెలుసు. మొదటి ఏడాదే పరువు పోయింది. జూలైలో ఒక వారం సిరప్ అమ్మకం అమాంతం పెరిగితే హడావుడిగా ఆమెకు కబురు పెట్టాను. తీరా చూస్తే ఎదుటి షాపువాళ్ళు కూతురి పెళ్ళికని వారం రోజులు మూసుకున్నారు, వాళ్ళ గిరాకీ అంతా నాకు వచ్చింది. ఆశా తాయి నవ్వి, "పర్వాలేదు భావూ, వీధి అయితే చూసి వచ్చాను కదా" అంది. 2025 ఆగస్టులో ముఖేడ్ తాలూకాలో కుండపోత కురిసి ఊళ్ళు మునిగినప్పుడు ఇంకొకటి నేర్చుకున్నాను. అంత వాన తర్వాత మా దగ్గర సిరప్ గడి కదలలేదు, ఓఆర్ఎస్ గడి మాత్రం నాలుగైదు రోజుల్లోనే నిండింది. వాంతులు, విరేచనాలు దోమలాగా నెల ఆగవు, బావి నీరు చెడిన వారంలోనే వస్తాయి. ఒకే వానకు రెండు జబ్బులు, రెండు గడువులు.

మొన్న వదిన ఆ డైరీ చూసి, ఐదో గడి కూడా గీయమంది. ఏం రాయాలి వదినా అంటే, "ఆ వారం ఎవరింట్ల డ్రమ్ము బోర్లియ్యలేదో వాళ్ళ పేరు రాయి తమ్మీ, మొదాలు నీ పేరే రాయి" అన్నది. మనుషుల పేర్లు రాయకూడదని నేను కరోనా నాటి సంగతి చెప్పబోయాను. ఆమె వినలేదు. గడి అయితే గీశాను. ఇప్పటికి రెండుసార్లు నా పేరు ఎక్కింది.

పచ్చడి ఉప్పు ఉత్తరాలకు జవాబు దీపావళి సంచికలో.